పగటి కరెంటుకు ధర లేదన్నారు

గౌనిపల్లిలో మా అన్న సోలార్ ప్లాంటు పెట్టినప్పటి నుంచి కరెంటు అనే మాట వింటేనే నాకు చిరాకు. నేను కోలారు పక్కన తమకలో ఉంటాను. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. సరఫరా పెరిగితే ధర తగ్గుతుంది, గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది అని బోర్డు మీద గీతలు గీసి ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు వివరిస్తున్నాను. ఆ గీతలు మా ఇంటి మీదికే వచ్చి పడతాయని ఎన్నడూ అనుకోలేదు.

మా అన్నది మామిడి తోట. బోర్లు ఎండిపోయి, కాయ కోయించిన కూలి కూడా తిరిగి రాని ఏడాదులు వరుసగా వచ్చాయి. అప్పుడే రైతుల కోసం ఒక పథకం పెట్టారు. సొంత భూమిలో సోలార్ ప్లాంటు కట్టుకుంటే, ఆ కరెంటును సర్కారు కరెంటు కంపెనీ ఇరవై ఐదేళ్ళ పాటు ఒకే ధరకు కొంటుంది. ఆ ధర మిగతా కరెంటు కంటే బాగా ఎక్కువ. సోలార్ కొత్తది, ఖరీదైనది, అందుకే పైధర ఇచ్చి ప్రోత్సహిస్తున్నామన్నారు. ప్రతి వేసవిలోనూ ఈసారి కాయకు ఎంత పలుకుతుందోనని మండీలో నిలబడిన మనిషి మా అన్న. ఇరవై ఐదేళ్ళు మారని ధర అనగానే ఆయన ముఖం ఎలా వెలిగిందో నాకింకా గుర్తుంది.

వదినకు మాత్రం ఇష్టం లేదు. "చెట్లు కొట్టేస్తే మళ్ళా అంత పెరగల్లంటే ఎన్నేండ్లు పడ్తాదో తెలుసునా? కాగితాన్ని నమ్మి తోట కొడతారా యాడన్నా?" అంది.

"ఉత్త కాగితం కాదు, సర్కారు ఒప్పందం. మండీలో దళారి మాట కన్నా ఇది మేలు కాదా?" అన్నాడు అన్న.

తోటలో రాతినేల ఉన్న వైపు చెట్లు కొట్టించాడు. బ్యాంకులో లోను తీసుకున్నాడు. ప్యానెళ్ళు బిగించడానికి కేజీఎఫ్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతని తండ్రీ తాతా బంగారు గనుల్లో పనిచేసినవాళ్ళు. గనులు మూతపడ్డాక ఇతను రోజూ రైలెక్కి బెంగళూరు పోయి వైరింగ్ పని చేసేవాడు. ఆదివారం చర్చికి పోవాలి, ఆ ఒక్క రోజూ రాలేనని ముందే చెప్పి, తక్కిన రోజులన్నీ మండే ఎండలో పని చేశాడు. వానలు మొదలయ్యేలోపే ప్లాంటు తయారైంది.

తయారై, ఊరికే నిలబడిపోయింది. తోట నుంచి సబ్ స్టేషన్ దాకా లైను అన్నే వేయించుకున్నాడు. కానీ సబ్ స్టేషన్ లోపల ఆ లైను కలుపుకునే చోటు మాత్రం కంపెనీయే కట్టాలి. వాళ్ళు కట్టలేదు. సామాను రాలేదన్నారు. సామాను వచ్చాక పైనుంచి అనుమతి రాలేదన్నారు. అనుమతి ఇవ్వాల్సిన అధికారి బదిలీ అయ్యాడన్నారు. అన్న వెళ్ళి అడగడం, తల వేలాడేసుకుని రావడం.

"అంతా రెడీగా ఉండాదన్నా, స్విచ్ వేస్తే చాలు. ఇంత ఎండా సుమ్మనే వేస్టు పోతా ఉండాదే," అని ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా బాధపడేవాడు.

మేము ఇలా కాచుకుని ఉన్న నెలల్లోనే బయట ప్యానెళ్ళ ధరలు పడిపోయాయి. వేరే జిల్లాల్లో పెద్ద పెద్ద సంస్థలు ఎకరాలకు ఎకరాలు ప్లాంట్లు పెట్టి, వేలంలో పోటీపడి, అన్న ధర కంటే ఎంతో తక్కువకే కరెంటు ఇస్తామన్నాయి. పేపర్లో ఆ వార్త చదివి, మంచిదే కదా, కరెంటు చవకవుతుంది అనుకున్నాను. అదే వార్త మరుసటి రోజు క్లాసులో ఉదాహరణగా కూడా చెప్పాను.

చివరికి లైను కలిపారు. కలిపిన కొద్దిరోజులకే కంపెనీ నుంచి ఆదేశం వచ్చింది. ఒప్పందంలో రాసిన గడువులోగా కరెంటు ఇవ్వలేదు కాబట్టి అందులోని పాత ధర వర్తించదట. ఇప్పటి తక్కువ ధరే ఇస్తారట.

అన్న నాకు ఫోను చేశాడు. "ఆలస్యం చేసింది వాళ్ళు గదమ్మా? మనం కాదు గదా? నేనే తప్పు చదివినానేమో, నువ్వొకతూరి వచ్చి చూడు," అన్నాడు.

వెళ్ళి చూశాను. ఆయన తప్పు చదవలేదు.

ఇద్దరం కోలారులో కంపెనీ అధికారి దగ్గరికి పోయాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. కసిరి పంపినా అంత కోపం వచ్చేది కాదేమో.

"చూడండమ్మా," అన్నాడు నాతో. "ఇప్పుడు మార్కెట్లో పగటి కరెంటు ఎంత కావల్లంటే అంత దొరుకుతా ఉండాది. మధ్యాహ్నమైతే అడిగే దిక్కే లేదు. మీ అన్నకు పాత ధర ఇస్తే ఆ భారం యాడ పడ్తాది? జనం బిల్లు మీదనే గదా?"

"ఒప్పందం రాసేటప్పుడు ఇది తెలీదా సార్?" అన్నాను.

"అప్పుడు రేటు అట్లుండె. ఇప్పుడు ఇట్లుండాది."

అన్న మెల్లగా అడిగాడు. "ఎప్పుడూ ఇంత చవకేనా సార్? ఎండాకాలంలో కూడానా?"

"ఎండాకాలం వేరే కథప్పా. కొరత వస్తే రేటు ఎగిరిపోతాది. పోయిన ఎండల్లో పగలు కూడా మేమెంత పెట్టి కొన్నామో చెప్తే నువ్వు నమ్మవు."

"మా పాత ధర కన్నా ఎక్కువనా?"

"కొన్ని దినాలు ఎక్కువే."

"అట్లయితే ఆ దినాల్లో నా కరెంటు బయట అమ్ముకుంటాను. వదిలిపెట్టండి సార్."

"అదెట్లయితాదప్పా? ఒప్పందం ఉండాది గదా!" అన్నాడు అధికారి.

ఆయన హాస్యమాడలేదు. నిజంగానే అన్నాడు. మార్కెట్టు పెరిగితే ఒప్పందం ఒప్పందమే. మార్కెట్టు పడిపోతే మాత్రం గడువు తప్పింది, రేటు మారింది. ఒకే ధర అని రాసుకునేదే ఎక్కువ పలికే ఏడాదీ తక్కువ పలికే ఏడాదీ ఒకదానికొకటి సరిపోవాలని కదా. భారం జనం బిల్లు మీద పడుతుందన్న మాట అబద్ధం కాదు. తమకలో నేనూ ఆ బిల్లు కడుతున్నాను. అయినా కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

బెంగళూరులో కరెంటు ధరల తగాదాలు తేల్చే కమిషన్ ముందు కేసు వేశాం. మా ఇంట్లో ఆంగ్లం చదివేది నేనొక్కదాన్నే కాబట్టి ప్రతి వాయిదాకీ స్కూలుకు సెలవు పెట్టి అన్నతో వెళ్ళేదాన్ని. దారిలో నరసాపురం దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు బస్సుల మధ్య ఇరుక్కుని, ఆలస్యమవుతుందేమోనని కంగారుపడుతూ చేరితే, అవతలి లాయరు రాలేదని వాయిదా పడేది. తిరుగు ప్రయాణంలో అన్న కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చునేవాడు.

కేసు నడుస్తున్న కాలంలోనే కొత్త తంటా మొదలైంది. వేసవి సెలవుల్లో నేను గౌనిపల్లిలో ఉన్నాను. ఎలక్ట్రీషియన్ ప్లాంటు చూసిపోవడానికి వచ్చాడు. వదిన అందరికీ సంగటి వడ్డిస్తుండగా సబ్ స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. గ్రిడ్‌లో కరెంటు ఎక్కువైపోయింది, ప్లాంటు ఆపమన్నారు. ఆపిన గంటలకు డబ్బు రాదు. అన్న చెయ్యి కడుక్కుని పోయి స్విచ్ దించి వచ్చాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"కరెంటు ఎక్కువైతే మన ఊరికే ఈయొచ్చు గదా? పక్క తోటాయన పొద్దున్నుంచీ మోటారు దగ్గర కాచుకోని ఉండాడు," అంది వదిన.

"పంపుసెట్ల లైను వేరే అక్కా. దానికి టైము పెట్టినారు. ఇది ఆ టైము కాదు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

వదిన నా వైపు చూసింది, చదువుకున్నదానివి నువ్వు చెప్పు అన్నట్టు. ఆ సాయంత్రం సంత నుంచి వస్తుంటే ఊరంతా కరెంటు పోయి ఉంది.

కేసు గెలిచాం. ఆలస్యం రైతుది కాదు, పాత ధరే ఇవ్వాలని కమిషన్ చెప్పింది. అన్న ఆ రోజు బెంగళూరులో మా లాయరు చేతులు పట్టుకుని వదల్లేదు. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. కంపెనీ పై కోర్టుకు పోయింది. అక్కడ తేలేదాకా తక్కువ ధరే.

మళ్ళీ ఏళ్ళు గడిచాయి. చివరికి కంపెనీయే ఒక మాట చెప్పి పంపింది. కేసు వదిలేస్తే పాత ధరకూ కొత్త ధరకూ నడిమి ధర ఇస్తుందట.

"గెలిచినవాళ్ళం మనం. మనమెందుకు తగ్గల్ల?" అని అన్న మీద అరిచాను.

"గెలిచినాంలేమ్మా. గెలిచినామని బ్యాంకాయన ఊరుకుంటాడా? ఆ కోర్టు మెట్లెక్కి దిగి నాకు బేజారైపోయినాది. ఇంగ సంతకం పెట్టేస్తా."

పెట్టేశాడు. కొన్నాళ్ళు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. చెట్లు కొట్టొద్దని పోట్లాడిన వదినే నన్ను సముదాయించింది. "పోనీలే. మనిషి ఇప్పుడు కడుపు నిండా తింటా ఉండాడు. నాకు అది చాలు," అంది.

మొన్న నేను వెళ్ళినప్పుడు ఊరి చివర తోట ఉన్న భార్యాభర్తలు వచ్చారు. సోలార్‌కు మళ్ళీ ఏదో కొత్త పథకం వచ్చిందట, చేరమంటావా అని అన్నను అడిగారు. వద్దంటాడని ఎదురుచూశాను.

"చేరండి," అన్నాడు అన్న. "అయితే సబ్ స్టేషన్‌లో మీ లైను కలిపే చోటు ముందు కట్టించుకోండి. కట్టినాకనే సంతకం. ఆపమన్న గంటలకు ఏమిస్తారో అది కూడా రాయించుకోండి."

"అట్ల రాస్తారా అన్నా?" అని అడిగింది ఆమె.

"అడగండి. రాయమంటే ఎందుకు రాయరో అది కూడా అడగండి."

వాళ్ళు వెళ్ళాక నేను ఉండబట్టలేకపోయాను. "వద్దని చెప్పొచ్చు కదన్నా! మనం పడింది చాలదా?"

"వాళ్ళ బోరులో నీళ్ళు లేవమ్మా. వద్దని చెప్తే ఇంగేం చేస్తారు?" అన్నాడు అన్న.