సందు గణపతి, నా వెదురు కర్ర

ఆ రోజుల్లో అమీర్‌పేటకి కోచింగ్‌కొచ్చిన ప్రతివాళ్లకీ కోర్సు అయ్యేలోగా ఉద్యోగం వస్తుందని నమ్మకం ఉండేది. నాకైతే కోర్సులో చేరకముందే ఉండేది. గోదావరి వైపు నుంచి దిగిన పొడుగు పిల్లని (మా ఇంట్లో బూజు దులపాలంటే కర్ర వెతికేవారు కాదు, నన్ను పిలిచేవారు). అలాంటిదాన్ని వినాయక నిమజ్జనాన్ని హాస్టల్ బాల్కనీలోంచి చూడటమేంటని, సందులో గణపతిని నిలబెట్టే జిరాక్స్ షాపు అన్న దగ్గరికెళ్లి, ఊరేగింపులో మేమూ నడుస్తామన్నాను. ఆయన నవ్వాడు. "హాస్టలోళ్లు మీదికెల్లి ఫోటోలు తీస్తరు, ఆర్నెల్లకు పోతరు. గిది సందోళ్ల గణపతి తల్లీ."

"ఆర్నెల్లయినా ఉండేది ఈ సందులోనే కదండీ," అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఓ వెదురు కర్ర చేతికిచ్చాడు. బండికి అడ్డొచ్చే కేబుల్ వైర్లను పైకెత్తి పట్టుకోవాలి. "కిరీటానికి గీత పడొద్దు. పడ్డదనుకో, వచ్చే ఏడు సుత మీకు బాల్కనీయే." అలా హాస్టల్ పరువంతా నా కర్ర చివర వేలాడింది. మా రూమ్మేట్ (నోటి ధాటికి మేం పెట్టిన పేరు మిరపకాయ్) మాత్రం, "ఫోజులు కొట్టకుండా పని చూసుకో," అంది.

సందంతా బ్రహ్మాండంగా ఎత్తాను. చివర్లో, మా హాస్టల్ ముందే ఇంకో వైర్ల కట్ట మిగిలింది. కానీ మెయిన్ రోడ్డు కనబడి, తీన్మార్ ఊపందుకునేసరికి నా కాళ్లు ఆగితేగా. వైర్లయిపోయాయనుకుని, కర్ర ఊపుకుంటూ రోడ్డెక్కేశాను. వెనక డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఎవరో మెడలో కండువా వేశారు, ఇంకెవరో పులిహోర పెట్టారు. ఆ ధీమాతో పంజాగుట్ట దాకా నడిచి, నా ఘనత చూసుకుందామని వెనక్కి తిరిగాను. మా గణపతి ఎలుక మీద కూర్చున్నవాడు. అక్కడున్నవాడు నిలబడి వేణువు ఊదుతున్నాడు.

"మా గణపతేడండీ?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను.

"ఏమో బిడ్డా. మస్తు షాన్‌గ నడుస్తున్నవ్, మా కోడలి దిక్కు పిల్లవనుకున్నం. జర పులిహోర తినిపో."

పొట్లం ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని వెనక్కి పరిగెత్తాను. కిరీటం విరిగిపోయే ఉంటుందని, అందరూ నన్ను తిట్టిపోస్తారని ఏడుపొచ్చేసింది. తీరా వచ్చి చూస్తే హాస్టల్ బాల్కనీలు ఖాళీ. అమ్మాయిలంతా కిందే ఉన్నారు. మాప్ కర్రలతో, బట్టలారేసే కర్రలతో వైర్లు ఎత్తిపట్టారు. మిరపకాయ్ బండెక్కి అరుస్తోంది. ఎప్పుడూ గేటు దాటని హాస్టల్ ఆంటీ కూడా బూజు కర్ర పట్టుకుని నిలబడింది. వాళ్ల కిందనుంచి మా గణపతి మెల్లగా రోడ్డెక్కాడు. కిరీటం చెక్కుచెదరలేదు.

"యాడికి పోయినవ్ తల్లీ?" అన్నాడు జిరాక్స్ అన్న, నా పులిహోర వంక చూస్తూ.

"పంజాగుట్ట దాకా దారి చూసొచ్చానండీ."

ఆయన పడీపడీ నవ్వాడు. "ఒక్కదానికి కర్రిస్తే హాస్టలంత కిందికి దిగింది. నడువుండ్రి, అందరు నడువుండ్రి."

ఇప్పుడు నేను మధురానగర్‌లో కాపురముంటున్నాను, నిమజ్జనానికి మాత్రం ఆ సందుకే వస్తాను. కర్ర ఏటా ఎవరో ఒక హాస్టల్ అమ్మాయి చేతికే వెళుతుంది. ఇచ్చేటప్పుడు అన్న నా వంక చూసి, "మధ్యమధ్యల ఎన్కకు చూడు బిడ్డా," అంటాడు. నేనిప్పుడు నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూనే నడుస్తాను. చూసినప్పుడల్లా మా గణపతి అక్కడే ఉంటాడు. అయినా పంజాగుట్ట రాగానే నా కళ్లు ముందుకు వెళతాయి, ఎవరి ఊరేగింపో తెలియకుండానే దాన్ని నడిపించుకుపోయిన ఆ పొడుగు పిల్ల ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.