కథకు కొట్టిన ఊఁ

మధ్యాహ్నం పూట ప్రొద్దుటూరులో మా వసారాలో కూర్చొని నేనూ కోడలూ విత్తనం చెనక్కాయలు ఒలిచేవాళ్ళం. మిషన్‌లో వేస్తే వేరుశనగ పప్పు బద్దలవుతుంది, విత్తనానికి పనికిరాదు. అందుకే పులివెందుల దగ్గరి మా చేనికి ఏటా చేత్తోనే ఒలిచి పంపుతాం. చేతులకే పని కదా, కోడలు తాను చదివే ఇంగ్లీషు నవల నాకు తెలుగులో చెప్పేది. నేను ఊఁ కొట్టాలి. కొట్టకపోతే ఆపేసేది.

ముప్పై దాటిన మనిషి, బిడ్డ తల్లి. ఎప్పుడు చూసినా కాలేజీ కథలే. ముసురులో తడిసే పాత రాతి కాలేజీ, మంత్రవిద్య చదివే పిల్లలు, తాళం వేసిన గది. ఆ గదిలోని పుస్తకం చదివితే అన్నీ తెలుస్తాయట, కానీ తనవాళ్ళలో ఒకరిని మరిచిపోవాలట.

“పెద్దోళ్ళకు ఈ కాలేజీ కథలేంది మే?”

“పెద్దోళ్ళకు రాసిండేవే అత్తా. మనకు సదువంటే మార్కులే గదా. వీళ్ళు తెలుసుకోవాలని ప్రాణం మీదికి తెచ్చుకుంటాండారు. నాకా ఆశ తీరకనే పెండ్లయిపాయ.”

జమ్మలమడుగులో మా బడి అద్దాల బీరువా గుర్తొచ్చింది. పుస్తకాల పేర్లు అద్దంలోంచే కూడబలుక్కునేదాన్ని. తాళంచెవి అయ్యవారి దగ్గర. అది తెరవకముందే ఐదో తరగతితో నన్ను మాన్పించారు. ఇక వంట చేస్తున్నా, బట్టలు మడుస్తున్నా, నా మనసు ఆ కథలోని గది తలుపు దగ్గరే తచ్చాడేది.

“ఆ పిల్ల తాళం తిప్పింది అత్తా,” అంది కోడలు ఒకరోజు.

“ఊఁ.”

“లోపలికి అడుగు పెట్టింది.”

“ఊఁ.”

“నాకు తిరుపతిలో ఎమ్మే సీటొచ్చింది. రెండేండ్లు హాస్టల్లో ఉండాల. పోతా.”

“ఊఁ.”

కోడలు తలొంచుకుని కాయ ఒలుస్తోంది. అప్పటికి గాని నేను దేనికి ఊఁ అన్నానో నాకు తెలియలేదు. కూర్చోలేకపోయాను. ఊడ్చిన పెరడే మళ్ళీ ఊడ్చాను. పోతే ఈమె మరిచేది ఎవరిని?

సాయంత్రం కొడుకు చెప్పులు విడవకుండానే అడిగాడు: “మా, నువ్వు ఊఁ అన్న్యావంటనే? పాపను ఎవురు చూస్తారు?”

కథకు అన్నానని చెప్పొచ్చు. నిజం కూడా అదే. కోడలు వంటింటి గడపలో నిలబడి నా వైపు చూడటం లేదు.

“కథలో ఆ పిల్ల ఎవుర్ని మర్సిపోయిందో ముందు చెప్పు మే,” అన్నాను కోడలితో.

“ఆడిదాకా సదవలేదు అత్తా. భయమై మూసిపెట్టినా.”

“తిరుపతిలో సదివి ఫోన్లో చెప్పు. ఊఁ కొట్టేకి నేనుండా.”

కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు.

“నువ్వు పోయి పాపకు జడెయ్యడం నేర్చుకో,” అన్నాను.