స్కోపులో లేని ఎముక

ఆ రోజు యాదయ్య తొడ ఎముకలో మచ్చ చూశాను. చూసి కూడా "నీ మోకాలు భేషుగ్గా ఉంది" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంతకంటే పెద్ద తప్పు చేసిన గుర్తు లేదు.

ప్రభుత్వాసుపత్రిలో రేడియాలజిస్టుగా రిటైరయ్యాక, కోవిడ్ సద్దుమణిగిన ఏడాది, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీ నన్ను వైద్య సలహాదారుగా తీసుకుంది. జనం మోకాలి గుజ్జు అని పిలిచే కార్టిలేజ్ ఎంత అరిగిందో ఎమ్మారై చిత్రం చూసి కంప్యూటరే చెప్పాలన్నది వాళ్ల పరిశోధన. దానికి నేర్పడానికి రోజంతా తెరమీద గుజ్జు అంచుల వెంట గీతలు గీసేవాడిని. చిన్నపిల్లలు బొమ్మలకు రంగు వేసే పనే. కుర్చీ మాత్రం ఖరీదైంది.

ఆరోగ్యమైన మోకాళ్లు కావాలంటే సిబ్బందినే స్కాన్ చేయించడం అక్కడి ఆనవాయితీ. పెట్టుబడిదారులు మా పని చూడ్డానికి వచ్చిన రోజు వంతు ఆఫీసు బస్సు డ్రైవర్ యాదయ్యది. బోరబండ మనిషి, ముప్పై దాటి ఎంతో కాలేదు. పొద్దున్నే గచ్చిబౌలిలో స్కాన్ చేయించుకుని వచ్చి అతిథుల వెనక నిలబడ్డాడు.

మా సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని గుజ్జు మేరకు కత్తిరించి రంగు వేస్తుంది. కత్తిరించే ముందు మొత్తం చిత్రం ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ క్షణంలో, మోకాలికి కాస్త పైన, ఎముకలో నిమ్మకాయంత మచ్చ. వెంటనే కత్తెర పడింది. గుజ్జు ఆకుపచ్చగా వెలిగింది. చప్పట్లు.

"సార్, మెట్లు దిగుతుంటే జర గుంజుతది. ఫికర్ ఏం లేదు గదా?" అని యాదయ్య మెల్లగా అడిగాడు. నేను ఆ 'భేషు' మాట అన్నది అప్పుడే.

"గింత పచ్చగ మా ఇంటి ముంగట చెట్లు గూడ లేవు సార్," అని నవ్వాడు.

భోజనాల దగ్గర కంపెనీ అధిపతి సుధాకర్‌తో మచ్చ సంగతి చెప్పాను. కర్నూలు వైపు యువకుడు, మర్యాదస్తుడు.

"ఎముక మన ప్రాజెక్టు స్కోపులో లేదు కద సార్. కణితుల మాడ్యూల్ వచ్చే ఏడాది చేస్తాం. అయినా ఇది రీసెర్చ్ స్కాన్, జబ్బు చెప్పేదానికి కాదని సంతకం తీసుకున్నాం."

యాదయ్య కణితి మా ప్రణాళిక కంటే ఏడాది ముందే వచ్చిందన్నమాట. నేను తలూపి బిర్యానీ వడ్డించుకున్నాను.

సాయంత్రం అతని బస్సులోనే ఇంటికి బయల్దేరాను. క్లచ్ తొక్కినప్పుడల్లా తొడమీద చెయ్యి వేసుకుంటున్నాడు. ఎక్కినవాళ్లందరికీ "నా మోకాలు ఫస్ట్ క్లాస్, డాక్టర్ సారే జెప్పిండు" అంటున్నాడు. నా స్టాపులో దిగలేదు. అందరూ దిగాక ఉన్నమాట చెప్పాను.

ఇంజన్ ఆపేశాడు. "మరి పొద్దుగాల ఎందుకు జెప్పలే సార్?"

"అందరూ చప్పట్లు కొడుతున్నారు," అన్నాను.

మర్నాడు నా పాత ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ కాదు గానీ, ఎముకను తినేసే కణితి అని తేలింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఎముక విరిగేదని సర్జన్ అన్నారు. కణితిని తొలిచి తీసేసి, ఆ ఖాళీలో ఎముక సిమెంటు నింపారు. కాలు దక్కింది. కొన్ని నెలల తర్వాత యాదయ్య మళ్లీ బస్సెక్కాడు.

కత్తిరించక ముందే ప్రతి చిత్రాన్నీ డాక్టరు పూర్తిగా చదవాలని, కనిపించింది ఆ మనిషికి చెప్పాలని కంపెనీలో నియమం పెట్టమన్నాను. పని నెమ్మదిస్తుందన్నారు. పెట్టేదాకా గీత గీయనన్నాను. పెట్టారు, తర్వాత దాన్నే తమ ప్రత్యేకత అని బ్రోచర్‌లో వేసుకున్నారు.

సిబ్బంది పాత స్కాన్లన్నీ మళ్లీ తెరిచి, ఈసారి మూలమూలలా చదివి, ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాను. మొదట పిలిచింది సుధాకర్‌ని; అతని మోకాలూ వాటిలో ఉంది. లోపలికి వస్తూనే, "ఎముకలో ఏమన్నా ఉందా సార్?" అన్నాడు.

ఏమీ లేదన్నాను. గుజ్జు గురించి అతను అడగలేదు.