ఎడమ సీటులో అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూములోకి వస్తుంటే ఫోను మోగింది. కరీంనగర్ దవాఖాన నుంచి మా ఆయన. "అమ్మ పోయింది" అన్నాడు. ఫోను మాత్రం పెట్టేయలేదు. ముందు రోజు సాయంత్రం చూసి వచ్చినప్పుడు గుండె కుదుటపడిందనే డాక్టర్లు చెప్పారు. బడి మానొద్దని, పొమ్మని ఆమే నన్ను పంపింది.

ఈ పరిస్థితిలో కారు నడపొద్దని తోటి టీచర్లు పట్టుబట్టారు. నేను వినలేదు. బడి ఉన్న సెంటినరీ కాలనీ నుంచి మా ఇల్లున్న గోదావరిఖని దాకా ఒక్కదాన్నే నడుపుకుంటూ వచ్చాను. స్టీరింగు పట్టుకోవడం ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు. ఆ రోడ్డు మీద, ఆ బొగ్గు లారీల మధ్య బండి నడపడం మాత్రం నాకు మా అత్తమ్మ దగ్గరే వచ్చింది. ఆమెకు డ్రైవింగు రాదు. చివరిదాకా నేర్చుకోలేదు.

ఆమె బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మా కాలనీలో అందరికీ సిస్టరమ్మ. మామయ్య బొగ్గు బావిలో పనిచేసేవాడట. నేను ఆయన్ను చూడలేదు. నా పెళ్లికి కొన్నేళ్ల ముందు, మొదటి షిఫ్టు దిగి స్కూటరు మీద ఇంటికి వస్తుండగా లారీ తగిలింది. ఆయన్ను తెచ్చింది అత్తమ్మ డ్యూటీలో ఉన్న క్యాజువాలిటీకే. ఆ సంగతి ఆమె నాతో ఒకే ఒక్కసారి మాట్లాడింది. "ముందు బూట్లు చూసిన బిడ్డా. గప్పుడే తెలిసింది" అన్నది. అని, తరుగుతున్న వంకాయలు తరగడం పూర్తిచేసింది.

అందుకే మా ఆయనకు నా ఉద్యోగమంటే భయం. నేను లెక్కలు చెప్పే బడి దూరం, ఆ వేళకు అందే బస్సు లేదు. రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. మీలో ఎవరైనా వానాకాలంలో ఆ దారిన పోయి ఉంటే తెలుస్తుంది: బొగ్గుపొడి, వాన నీళ్లు కలిసి రోడ్డంతా నల్లటి జారుడు బురదగా మారుతుంది. ఒక పొద్దున ఆ బురదలో స్కూటీ జారింది. నేనొక పక్క, బండొక పక్క పడ్డాం. వెనకాల వస్తున్న టిప్పరు గట్టిగా బ్రేకు వేసి ఆగింది. తలెత్తి చూస్తే దాని ముందు చక్రం మీది బోల్టులు నాకు స్పష్టంగా కనిపించాయి.

మోకాలికి కట్టుతో ఇంటికి వస్తే మా ఆయన ఒకటే మాట అన్నాడు. "బడి బంద్."

నేను ఏడ్చాను, వాదించాను. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అత్తమ్మ బైబిలు బల్ల మీద పెట్టి కొడుకు వైపు చూసింది.

"బడి బంద్ గాదు. స్కూటీ బంద్. కారు కొంట."

"కారా? కొత్త కారు మనతోని అయితదా అమ్మా?"

"కొత్తది ఎవరన్నరు? పాతది చూస్త."

"పాత డబ్బా ఏసుకొని గా రోడ్డు మీదికి పంపుతవా? రోజూ?"

"రోజూ పంపుత. ఒక్కదాన్ని పంప. పక్కన నేను కూసుంట."

కాసిపేట దగ్గర ఒకాయన చిన్న తెల్లకారు అమ్ముతున్నాడని తెలిసి ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. అప్పటికే లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన బండి. కడిగి మెరిసేలా పెట్టాడు. అతను సీట్లు చూపిస్తుంటే, పాటల డబ్బా మోగించి వినిపిస్తుంటే, అత్తమ్మ మాత్రం బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది, జ్వరం చూసినట్టు.

"పొద్దుగాల ఎటన్న పోయొచ్చినవా బిడ్డా?"

"లేదమ్మా, నిన్నటి సంది ఇక్కడ్నే ఉన్నది."

"మరి వేడిగున్నది గదా. మేం రేపొస్తం. చల్లగుంచు, మా ముందట స్టార్ట్ చెయ్యి."

మర్నాడు మళ్లీ వెళ్లాం. చల్లబడ్డ ఇంజను చాలాసేపు సతాయించి, దగ్గి, నల్లటి పొగ వదిలి అప్పుడు అందుకుంది. అతను తలొంచుకున్నాడు. నేను వెళ్లిపోదామని కొంగు లాగాను. ఆమె అక్కడే నిలబడి ఇంజను చప్పుడు చాలాసేపు విన్నది. "దగ్గు మందులతోని పోతది. ప్రాణం గట్టిదే" అని అతనితో బేరానికి దిగింది. పాత బండిని ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలన్న సంగతి తనకు దవాఖాన అంబులెన్సు డ్రైవరు చెప్పాడని తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పింది. తెలియనిది అడగడానికి ఆమె ఎన్నడూ నామోషీ పడలేదు.

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాక మా రోజులు మొదలయ్యాయి. ఆమె ఎడమ సీట్లో కూర్చునేది, కాళ్ల మధ్య నీళ్ల క్యాను. తాళం తిప్పబోయే ముందు చిన్న ప్రార్థన చేసేది. నేను కళ్లు మూసుకుంటే మోచేత్తో పొడిచేది. "కండ్లు తెరిచే చెయ్యి. దేవుడు ఏమనుకోడు." నేను బడిలోకి వెళ్లాక, సాయంత్రం దాకా ఆ కాలనీలోనే ఉండే తన పాత తోటి నర్సు ఇంట్లో గడిపి, మళ్లీ నాతోపాటు వచ్చేది. ఒకే ఒక్క నియమం పెట్టింది: బండి చప్పుడు మారితే మాట్లాడుడు ఆపాలి. ఎంత మంచి ముచ్చట నడుస్తున్నా టక్కున ఆగిపోయి, ఇద్దరం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

కారు మమ్మల్ని సుఖపెట్టలేదు. ఎండలు ముదిరాక ఇంజను వేడెక్కడం మొదలైంది. వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తి, అది చల్లారేదాకా నిలబడేవాళ్లం. లారీలు పోతుంటే చీరలు, ముఖాలు నల్లబడేవి. బడికి ఆలస్యమయ్యేది. ఇంకోసారి ఇలా అయితే వేరే టీచరును చూసుకుంటామని హెడ్‌మాస్టరు మొహం మీదే చెప్పారు.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. అతను కింద దూరి, చక్రాలు చూసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

"సిస్టరమ్మా, రేడియేటరు పోయింది, అది ఉన్నదే. గని బ్రేక్ ఆయిల్ గూడ సన్నగ కారుతున్నది. గిది గూడ చేపియ్యాలె."

"రెండు ఒక్కపారి అయితయా?"

"బండి నా దగ్గర ఇంకో నాలుగు దినాలుండాలె."

అన్ని రోజులు సెలవు పెడితే నా ఉద్యోగం ఉండదు. ఆమె నా మొహం చూసింది. "రేడియేటరు చెయ్యి తమ్మీ. బ్రేకులు సెలవులల్ల చూద్దాం" అన్నది.

వారం తిరగలేదు. బడికి పోతున్నాం. ఇంజను చల్లగా నడుస్తోంది, ఇద్దరం సంతోషంగానే ఉన్నాం. బొగ్గు రైళ్లు పోయే గేటు దగ్గర రోడ్డు పల్లానికి దిగుతుంది. గేటు వేసి ఉంది. దాని ముందు నిండు టిప్పరు ఒకటి ఆగి ఉంది. నేను బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా, ఏమీ అడ్డులేనట్టు అడుగుదాకా పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ అంతే.

"అత్తమ్మా, పడ్తలేదు" అన్నాను.

"గేరు దించు. ఇంకా దించు." ఆమె చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్రేకు మీద ఉంది. ఒక్కసారిగా గుంజలేదు. కొంచెం కొంచెంగా, పళ్లు బిగించి లాగుతోంది. కారు అరుస్తోంది, వెనక భాగం ఊగుతోంది. టిప్పరు వెనక తలుపు అద్దం నిండా పెద్దదవుతోంది. "ఎడమకు! ఎడమకు తిప్పు!" అటు రోడ్డు పక్కన ఎవరో పోసిన మట్టికుప్ప ఉంది. తిప్పాను. కారు ఎగిరిపడి, దాంట్లోకి ముక్కు గుచ్చి ఆగింది. కుప్పకు గట్టిగా తగిలింది ఆమె వైపే.

దుమ్ము అణిగేదాకా ఇద్దరం కదల్లేదు. ఆమె నుదురు పగిలి రక్తం కారుతోంది. హ్యాండ్‌బ్రేకు మీది చెయ్యి మాత్రం వదలలేదు. ఆ వేళ్లు నేనే ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. అప్పుడు మెల్లగా అన్నది: "తప్పు నాదే బిడ్డా. గాయన చెప్పిండు. నేనే ఆపిన."

ఇంట్లో ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన తల్లి నుదుటి కట్టు చూశాడు. అతను అడగకముందే ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది, మెకానిక్ మాటతో సహా. అతను అన్నం ముందు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"నాయిన ఒక్కడు చాలలేదా అమ్మా నీకు?"

ఆ ఇంట్లో అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు. అత్తమ్మ కళ్లు దించలేదు. "మీ నాయిన యాది ఉన్నడు గాబట్టే కారు కొన్న బిడ్డా. గా జాగల స్కూటీ మీద ఉంటే ఇయ్యాల ఏమయ్యేదో నాకు ఎరుక. ఇనుము లోపట ఉన్నం, ఇంటికొచ్చినం. బ్రేకులు ఆపుడు నా తప్పు. తిడితే నన్ను తిట్టు. దాని బడి జోలికి రాకు."

అతను చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. కిటికీలోంచి చూశాను. నలిగిన కారు పక్కన, దాన్ని ముట్టుకోకుండా నిలబడి ఉన్నాడు. నా ఉద్యోగం ఇక అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు అతను సెలవు పెట్టాడు. కారును తాడు కట్టి మెకానిక్ దగ్గరికి లాగించుకుపోయాడు. పని అయ్యేదాకా రోజూ పోయి, షెడ్డులో పీట వేసుకుని కూర్చునేవాడు. బ్రేకులకు సంబంధించి పాతది ఏదీ ఉంచనివ్వలేదు. ఈ సంగతులన్నీ తర్వాత మెకానిక్ చెప్పాడు. మా ఆయన చెప్పింది తక్కువ. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "బ్రేకులు పట్టినయి. నేనే నడిపి చూసిన. జెర పైలం" అన్నాడు. అన్ని రోజుల నా సెలవుకు హెడ్‌మాస్టరు ఒప్పుకున్నది అత్తమ్మ వల్లే. నుదుటి కట్టుతో బస్సులో పోయి ఆయన ఎదురుగా కూర్చుని వచ్చింది. అక్కడ ఏం మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లీ బయల్దేరాల్సిన పొద్దున నా చెయ్యి తాళం తిప్పలేదు. ఆమె ఎప్పట్లాగే ఎక్కి కూర్చున్నది. "భయమైతే భయపడు. చేతులు మాత్రం స్టీరింగు మీదనే ఉంచు" అన్నది. ఆ పల్లం దగ్గర నేను నడిచే మనిషికన్నా మెల్లగా దిగాను, అడుగడుక్కీ బ్రేకు తొక్కి చూసుకుంటూ. వెనక లారీలు హారన్లతో చెవులు పగలగొడుతున్నాయి. "కొట్టనియ్యి. హారన్‌కు ఇప్పటిదాక ఎవ్వరు సావలేదు" అన్నది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గేటు దాటాను.

ఆమెను సమాధుల తోటలో పడుకోబెట్టి వచ్చాం. పాటలు పాడే ఆడవాళ్లు, ఆమె చేతుల్లో పురుడు పోసుకున్న తల్లులు, షెడ్డు మూసి వచ్చిన మెకానిక్, అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. కారు ఇప్పటికీ నడుస్తోంది. నేను ఇప్పటికీ ఆ బడిలోనే లెక్కలు చెబుతున్నాను. ఆమె గురించి తలచుకుంటే ఆ మట్టికుప్ప కాదు, కరీంనగర్ దవాఖాన మంచమూ కాదు, మరో ఉదయం నా కళ్ల ముందుకు వస్తుంది.

బ్రేకులు మార్చాక వచ్చిన చలికాలం మొదట్లో అనుకుంటాను. నేను కారు తీసి ఎదురుచూస్తున్నాను. ఆమె గడపలోంచి వచ్చి, ఎక్కకుండా కారు తలుపు మూసేసింది. "నేను రాను, పో. పొయ్యి మీద కూర ఉన్నది" అన్నది. పొయ్యి మీద ఏ కూరా లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె మొహం చూసి బండి కదిలించాను. సందు చివర మలుపు దగ్గర అద్దంలో చూశాను. వీధి మధ్యలో నిలబడి ఉంది, తల ఒక పక్కకు వంచి. పక్కింటామె దగ్గరికి వచ్చి ఏదో అడుగుతోంది. అత్తమ్మ అటు తిరక్కుండానే, కాసేపు ఆగమన్నట్టు అరచెయ్యి పైకెత్తి, నేను గేరు మార్చే చప్పుడు వింటోంది.