కింది ఇంటి మామ్మగారి నారింజతొక్క బీరు

అందరికీ నమస్కారం. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మన్నించండి, నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు ఆడవాళ్ళం పిస్కాటవే నుంచి ఎడిసన్ దాకా ఇంటింటికీ తిప్పుకునే ఈ కాగితాల్లో మీరు రాసిన వంటలూ పిల్లల కబుర్లూ చదివి పక్కవాళ్ళకి అందించడమే కానీ, ఇంతవరకూ నేనొక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మా కింది ఇంటి మామ్మగారు పోయారు. రోజూ పొద్దున్నే ఆవిడ కాఫీ వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేది. ఆ రోజు రాలేదు. కిందికి వెళ్ళి చూశాను. కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్ళో దుప్పటితో, నిద్రపోయినట్టే ఉన్నారు.

మేం అద్దెకుండే ఇల్లు ఆవిడదే. పైన మేము, కింద ఆవిడ. ఆవిడది అమెరికా కాదు, బెల్జియం అనే దేశంలో ఒక పల్లె. నాలాగే పెళ్ళిచేసుకుని, నాలాగే ఇంగ్లీషు రాకుండా ఇక్కడికి వచ్చారట. అందుకేనేమో నాతో ఎప్పుడూ నిదానంగా, చిన్న చిన్న మాటలు మాట్లాడేవారు. ఆ మాటల్ని నాకు అర్థమైన తెలుగులో ఇక్కడ రాస్తున్నాను. నేను ఆవిణ్ణి తెలుగులోనే మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి నచ్చింది.

మా పరిచయం నారింజ తొక్కలతో మొదలైంది. నేను కొత్తగా వచ్చిన ఏడాది, తిన్న నారింజపళ్ళ తొక్కలు సున్నిపిండిలోకని పళ్ళెంలో పరిచి వెనక మెట్ల మీద ఎండబెట్టాను. మామ్మగారు ఒక తొక్క తీసి, విరిచి, వాసన చూసి నన్ను అడిగారు.

"ఎప్పుడు కాస్తున్నావు?"

"ఏమిటండీ?"

"బీరు."

నాకు ఆ ఒక్క మాట బాగా అర్థమైంది. పళ్ళెం అక్కడే వదిలేసి పైకి పరిగెత్తి తలుపేసుకున్నాను. సాయంత్రం మా ఆయన ల్యాబ్ నుంచి రాగానే చెప్పాను. ఆయన నవ్వుతూ కిందికి వెళ్ళి, మా ఆవిడ బీరు కాయదండీ, అవి ఒంటికి రుద్దుకోడానికని చెప్పి వచ్చారు. మామ్మగారి నవ్వు మా వంటింట్లోకి వినిపించింది. మర్నాడు పళ్ళెం తిరిగి ఇస్తూ, "సగం నీ ఒంటికి, సగం నా కుండకి, ఒప్పందమేనా?" అన్నారు.

ఆవిడ బేస్‌మెంట్‌లో, బట్టల మెషీన్ పక్కన, బీరు కాచేవారు. ఇంట్లో కాచుకోవడం తప్పు కాదని ఈ మధ్యే ఇక్కడ చట్టం చేశారట. "అంతకుముందు?" అని అడిగారు మా ఆయన. "అంతకుముందు కిటికీలు మూసుకుని కాచేదాన్ని" అన్నారు మామ్మగారు.

మా ఇంట్లో తాగుడు లేదు, అటువైపు లేదు ఇటువైపు లేదు. ఆ మాటే బిడియపడుతూ చెప్పాను. "నిన్ను తాగమన్నానా? తొక్క గీకమన్నాను" అన్నారు. ఆవిడ వేళ్ళ కణుపులు వాచిపోయి చెంచా పట్టు చిక్కేది కాదు. తొక్క లోపలి తెల్ల పొర అంతా గీకేయాలి, లేకపోతే పనికిరాని చేదు దిగుతుంది. నేను పై మెట్టు మీద కూర్చుని గీకేదాన్ని, ఆవిడ కింద పెద్ద గిన్నెలో గోధుమ పాకం కలుపుతూ ఉండేవారు. అందులో ఏదో ఎండు పువ్వు వేసేవారు. వేపపువ్వు లాంటి చేదు. పొయ్యి ఆపే ముందు నారింజ తొక్కా, ధనియాలూ.

ధనియాలా అని నేను ఆశ్చర్యపోయాను. అప్పుడు చెప్పారు అసలు సంగతి. వాళ్ళ ఊళ్ళో కోతల కాలంలో కూలివాళ్ళకి వాళ్ళమ్మ గోధుమలతో పలచటి బీరు కాచేదట. అందులో ధనియాలూ, ఊరి కొట్లో దొరికే చేదు నారింజ తొక్కా వేసేదట. "పెళ్ళయ్యేలోగా తాగడం నేర్చుకున్నాను, కాయడం నేర్చుకోలేదు. అమ్మ ఉంటుందిగా అనుకున్నాను" అన్నారు. వాళ్ళమ్మ పోయిందన్న కబురు ఈవిడకి ఇక్కడ చేరేసరికి అక్కడ అన్నీ అయిపోయాయట. అప్పట్నుంచీ ఆ రుచి ఒక్కసారి మళ్ళీ నాలుక మీదకి రావాలని కాస్తూనే ఉన్నారు. ప్రతిసారీ గ్లాసు దించి ఒకటే మాట: "దగ్గరికి వచ్చింది. ఇది కాదు."

ఆవిడ కొనే ధనియాలు ఇక్కడి కొట్లో చిన్న సీసాల్లో వచ్చేవి, వాసన ఉండేది కాదు. నేను మా డబ్బా తెచ్చాను, న్యూయార్క్‌లో మన సరుకుల కొట్టుకి వెళ్ళినప్పుడు తెచ్చుకున్నవి. ఆవిడ అరచేతిలో నలిపి చూసి, ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకున్నారు. "దంచి తీసుకురా" అన్నారు.

దంచమంటే మనం ఏం చేస్తాం చెప్పండి. నేను మూకుడు పెట్టి, దోరగా, కమ్మగా వేయించి, దంచి తీసుకెళ్ళి ఇచ్చాను. పచ్చి ధనియాలు దంచుతారని నాకు కల్లో కూడా తోచలేదు. ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, "కింద ఎవరైనా మనవాళ్ళు దిగారా? చారు పోపు వాసన వస్తోంది" అన్నారు.

ఆ సీసాలు తెరిచిన రోజు మామ్మగారు ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగారు.

"ఇందులోకి అన్నం ఉందా?"

అంతకుముందు ఒకసారి జలుబు చేస్తే నేను పెట్టిన చారన్నం తిన్నారు లెండి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "పారబోయను. జలుబు చేసినప్పుడు తాగుతాను" అన్నారు. నిజంగానే తాగారు. పైగా వచ్చినవాళ్ళందరికీ, మా పై ఇంటి అమ్మాయి చేసిన మందు అని పోసేవారు.

తర్వాతిసారి పచ్చి ధనియాలే దంచాను, రోట్లో రెండు పోట్లు, అంతే. "ఇంకా దగ్గరికి వచ్చింది" అన్నారు. కానీ చేదు నారింజ లేదు. కొట్లో దొరికేవన్నీ తియ్యటివి. తియ్యటి పండు తొక్క నవ్వుతుంది కానీ మాట్లాడదు అనేవారు.

పోయిన చలికాలం ప్లెయిన్స్‌బరోలో ఉండే వదినగారు, మా ఆయన స్నేహితుడి భార్య, ఫ్లోరిడా వెళ్ళి వచ్చారు. వాళ్ళు దిగిన చోట పెరట్లో నారింజ చెట్టు ఉందట. నోట్లో పెట్టుకోలేనంత పులుపూ చేదూ అట. ఎవరూ కోయకపోతే అడిగి ఒక సంచీడు తెచ్చుకున్నారు. "అచ్చం మన దబ్బకాయ పులుపే, పులిహోరకి బాగుంటుంది" అని నాకూ నాలుగు ఇచ్చారు. రసం పిండి పులిహోర కలిపాను. తొక్కలు అలవాటు కొద్దీ కిందికి పట్టుకెళ్ళాను.

మామ్మగారు ఒక తొక్కని రెండు వేళ్ళ మధ్య మడిచారు. నూనె చిమ్మింది. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయారు. వాళ్ళ భాషలో ఏదో అన్నారు. నాతో ఎప్పుడూ ఆ భాషలో మాట్లాడలేదు.

ఎండబెట్టాం. కాచాం. గాజు కూజాలో పోస్తే అది బుడుక్ బుడుక్ మంటూ బేస్‌మెంట్‌లో మాట్లాడుతూనే ఉంది. బట్టలు ఉతకడానికి వెళ్ళినప్పుడల్లా నేనూ దానికి నాలుగు మాటలు చెప్పి వచ్చేదాన్ని. అది నెమ్మదించాక, చిటికెడు చక్కెరతో సీసాల్లోకి పట్టి మూతలు బిగించాం. బిగించే కడ్డీని నొక్కింది నేనే. ఇక కొన్ని వారాలు ముట్టుకోకూడదు.

ఆ మధ్యలో ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. మెట్లు దిగలేకపోయారు. నాకు ఎందుకో భయం వేసింది. ఒక మధ్యాహ్నం నేనే బేస్‌మెంట్ నుంచి ఒక సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"మామ్మగారూ, ఒక్కటి తెరుద్దాం. రుచి చూడండి."

"ఇంకా కాలేదు."

"కాకపోయినా తెలుస్తుందిగా."

"పచ్చి రుచి చూస్తే అదే గుర్తుండిపోతుంది. అమ్మది పోతుంది. కింద పెట్టెయ్. ఇంతకాలం ఆగినదాన్ని, సీసా కోసం ఆగలేనా?"

పెట్టేశాను. ఆవిడ మాట కాదనడం నాకు చేతకాదు. ఆ వారంలోనే పోయారు.

మామ్మగారి కూతురు ఒహాయో నుంచి వచ్చారు. చర్చిలో అన్నీ అయ్యాక, సామాన్లు సర్దుతూ ఇంకొన్నాళ్ళు ఉన్నారు. సీసాలు తెరవాల్సిన రోజు నాకు తెలుసు కనక, వెళ్ళి చెప్పాను. కూతురూ, మా ఆయనా, నేనూ ముగ్గురం మామ్మగారి వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. మామ్మగారి కుర్చీ ఎవరం లాగలేదు. నేను మూత తీశాను. తెల్లటి నురుగు గ్లాసు అంచు దాకా లేచి ఆగింది.

కూతురు తాగారు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ఇదేనాండీ?"

ఆవిడ ఇంకో గుక్క తాగి తల అడ్డంగా ఊపారు. కాదని కాదు. "నాకెలా తెలుస్తుంది? మా అమ్మమ్మని నేను చూడనే లేదు. ఈ బీరు గురించి అమ్మ చెప్పగా విన్నానంతే" అన్నారు.

మా ఆయన ఒక గుక్క తాగి, "చారులా మాత్రం లేదు" అన్నారు. ఎవరం నవ్వలేదు, తర్వాత ముగ్గురం నవ్వాం.

నేను కూడా నాలుక మీద వేసుకున్నాను. ముందు చేదు, వెనకాల నారింజ, మింగాక ఎక్కడో లోపల ధనియాలు. అంతవరకే నాకు తెలిసింది. అది ఆ పల్లెలో, ఆ కోతల రోజుల్లో, ఆ తల్లి కాచిన రుచేనో కాదో చెప్పగలిగిన నాలుక ఒక్కటే ఉండేది. దగ్గరికి వచ్చింది, ఇది కాదు అనైనా అంటే బాగుండునని గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆ కుర్చీ వైపు చూశాను. నురుగు మెల్లిగా దిగిపోయింది. కిటికీలోంచి ఎండ పడి బీరు పలచటి తేనె రంగులో వెలిగింది.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. మేము ఎక్కడికి మారతామో ఇంకా తెలియదు. మిగిలిన సీసాలు నన్నే ఉంచుకోమన్నారు. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు. ఆవిడకి ఈ సంగతి ఎవరి నోటా వినబడకూడదు. అందుకని, ఈ కాగితాలు ఆఖరున ఎవరింటికి చేరతాయో వాళ్ళని బతిమాలుకుంటున్నాను. మిగతావి దాచుకోండి, నాది మాత్రం స్టవ్ మీద పెట్టి కాల్చేయండి. పొగకి అలారం మోగుతుంది, ముందు కిటికీ తెరవండి. కింది మూలన మరక ఉంది చూడండి, కాఫీ కాదు. రాస్తుంటే గ్లాసు లోంచి తొణికింది. ఆ మూలని మటుకు ఆఖరున అంటుకోనివ్వండి.