సఫర్మో కట్టిన రుమాలు

మా ఊళ్ళో సఫర్మో నోటికి జడవనివాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళుగా మజారు గుమ్మంలో, అంటే పీరుగారి సమాధి వాకిట్లో, కూర్చుంటోంది. పక్కన చెక్కపెట్టె, అందులో లోపలికెళ్ళే ఆడవాళ్ళకు అరువిచ్చే వదులు కుర్తాలు, తలకు కట్టే రుమాళ్ళు. రాజధాని దుషాంబె నుంచి వచ్చిన బస్సులోంచి పరాయిదేశపు ఆడవాళ్ళు దిగుతుంటే, ఎవరికి ఏం తొడగాలో దూరాన్నుంచే చూసి పెట్టుకుంటుంది. "ఇదేం పంట్లామమ్మా, అన్నీ చిరుగులే! మీ ఊళ్ళో సూది దొరకదా?" అని నవ్వుతూనే తిడుతుంది. భాష రాదు గనక వాళ్ళూ నవ్వుతారు.

ముస్లిముల దేశం కదా అని చాలామంది ముందే తలంతా చుట్టి, గడ్డం కింద పిన్ను పెట్టుకుని దిగుతారు, పాపం. సఫర్మో ఆ పిన్ను తీసి, రుమాలు చెవుల వెనకనుంచి పోనిచ్చి మెడ మీద ముడివేస్తుంది. మా అమ్మమ్మలంతా అలాగే కట్టారు. గడ్డం కింద పిన్ను పెడితే అది పరాయి వేషమని సర్కారు మాట. అయితే నిజంగా పరాయివాళ్ళు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. మేం పెట్టుకుంటేనే తప్పు. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు.

ఆమె కూతురు మవ్జూనా నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. మొగుడు రష్యాకు పనికెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాక, సఫర్మో ప్రాణమంతా ఆ పిల్ల డిప్లొమా మీదే. అలాంటి పిల్ల చలికాలంలో గడ్డం కింద పిన్ను పెట్టడం మొదలుపెట్టింది. కాలేజీలో తెల్లకోటు, చెవులు మూసే తెల్లటోపీ, అక్కడ గొడవ లేదు. గొడవంతా దారిలోనే. బస్టాండు దగ్గర సర్కారు మహిళా కమిటీవాళ్ళు కాపు కాస్తుంటారు. ఇప్పటికే రెండుసార్లు ఆపి పేరు రాసుకున్నారు. మూడోసారి దొరికితే కాలేజీ నుంచి గెంటేస్తారు. చదువు పూర్తికావడానికి ఏడు వారాలుంది.

"వెనక్కి కట్టుకోవే, నీ సొమ్మేం పోయింది?" అని సఫర్మో బతిమాలింది.

"ఊళ్ళోవాళ్ళందరి తలలకూ కట్టావుగా అమ్మా, నా తల వదిలెయ్యి. ఇది నాకూ దేవుడికీ మధ్య సంగతి."

సఫర్మో తిట్టింది, ఏడ్చింది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళంది పిల్ల. చివరికి సఫర్మోకే ఒక ఉపాయం తట్టింది. యాత్రికులు మరిచిపోయిన సామాను మజారు గదిలో మూలుగుతోంది కదా! నల్లకళ్ళద్దాలు, వీపుసంచి, ఊరి పటం ఇంటికి పట్టుకొచ్చింది.

"ఇవి వేసుకుని దర్జాగా నడువు. ఎవరు పలకరించినా నోరు విప్పకు, నవ్వు. పరాయిదేశంవాళ్ళు అన్నిటికీ నవ్వుతారు."

మవ్జూనాకు చిన్నతనంగా తోచింది. "నా ఊళ్ళో నేను దొంగలా పోవాలా?" అంది. అయినా వేసుకుంది.

పని జరిగింది! కమిటీ ఖోసియత్, సఫర్మోతో కలిసి బళ్ళో చదువుకున్న మనిషే, ఆ పిల్లను చూసి "హలో, వెల్కమ్!" అని చెయ్యి కూడా ఊపింది. నాలుగు వారాలు అలాగే గడిచాయి. సాయంత్రం ఆ మాట చెప్పుకుని తల్లీకూతుళ్ళు రొట్టె తుంచుకుంటూ పడీపడీ నవ్వేవాళ్ళు.

ఒకరోజు బస్టాండులో ఖర్బూజాలమ్మే ముసలాయన నిలువునా కూలిపోయాడు. జనం మూగారు. మవ్జూనా సంచి పారేసి పరుగెత్తింది. ఆయన గుండీలు విప్పి, రెండు చేతులతో ఛాతీ అదుముతూ, "గాలాడనివ్వండి! అలా చూస్తారేం, ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యండి!" అని మా భాషలోనే గొంతు చించుకుంది. ముసలాయన బతికాడు. పిల్ల లేచేసరికి ఖోసియత్ ఎదురుగా ఉంది.

"ఓహో, హలో అమ్మాయీ! మన భాష ఎప్పుడు నేర్చావే?"

మర్నాడు కాలేజీ నుంచి తల్లీకూతుళ్ళకు పిలుపొచ్చింది. గదిలో పెద్ద మేడమ్, ఖోసియత్, ఇద్దరు మగ గుమాస్తాలు.

"ముసలాయన్ని బతికించింది కదే ఖోసియత్, దానికి విలువ లేదా?" అంది సఫర్మో.

"నాకేం సరదానా? నేను రాయకపోతే నా పేరు రాస్తారు" అంది ఖోసియత్ తల వంచుకుని.

"ఇప్పుడే, మా ఎదురుగానే తీసి వెనక్కి కట్టుకోవాలి. ఇక పెట్టుకోనని రాసివ్వాలి. లేదంటే చదువు ఇక్కడితో సరి" అన్నారు మేడమ్.

గుమాస్తాలు గోడ గడియారం వైపు చూస్తున్నారు. కూతురి దవడ బిగుసుకోవడం సఫర్మో చూసింది. తీయనని అనబోతోంది. ఆ మాట బయటికొస్తే ఇన్నేళ్ళ కష్టం మట్టిపాలే. సఫర్మో లేచి కూతురి గడ్డం కింది పిన్ను లాగేసింది. ఇద్దరు మగాళ్ళ ముందు ఆ పిల్ల జుట్టంతా వీపు మీద జారింది. సఫర్మో చేతులు వేలమందికి కట్టిన చేతులు. రుమాలు మెడ మీద ముడిపడడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మవ్జూనా అడ్డుచెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టింది.

డిప్లొమా వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో పని, అక్కడ ముడి వెనక్కే. తల్లితో మామూలుగానే మాట్లాడుతుంది, జీతం చేతికిస్తుంది, నీళ్ళు తోడి పెడుతుంది. అయితే గడప లోపల అడుగు పెట్టగానే రుమాలు విప్పి, గడ్డం కిందుగా బిగించి పిన్ను పెట్టుకుంటుంది. ఇంట్లో, ఆడవాళ్ళ ముందు, మాలో ఎవరూ తల కప్పుకోరు. కప్పుకునేది పరాయి మగాళ్ళ ముందే. అన్నం తిన్నా, నిద్రపోయినా మవ్జూనా ఆ పిన్ను తీయదు.

"నేనమ్మనే తల్లీ" అని ఒకసారి సఫర్మో అంది.

"తెలుసమ్మా" అని మవ్జూనా ఆమె గిన్నెలో టీ పోసింది.

కూతురి జుట్టు ఇప్పుడెంత పొడుగుందో సఫర్మోకు తెలియదు.