కాళ్లకు అచ్చు తీసే ఆమె

చిన్న వైద్య పరికరాల తయారీదారులకు ప్రభుత్వం ఇచ్చే నిధులకూ శిక్షణకూ ఎంపికైనవాళ్లకు ఈ రోజు మా ఆఫీసు నుంచి ఫోన్లు చేశాను. గూడూరులో కృత్రిమ కాళ్లు తయారుచేసే సుధాకర్ గారికి చేస్తే ఆయన భార్య ఎత్తింది.

“ఆయన చనిపోయి నెలయింది సార్. ఈ ఫోన్ కోసరం ఎంత ఎదురుచూసినాడో!”

నేను అయ్యో అనేలోపే ఆమే అడిగింది.

“శిక్షణకి నేను రావచ్చా సార్? కాళ్లకి అచ్చు తీసేది నేనే.”

“రండమ్మా” అనేశాను.

సాయంత్రం మా పై అధికారి, దరఖాస్తు ఆయన పేరున ఉంది కాబట్టి ఆమె మళ్లీ కొత్తగా పెట్టుకోవాలన్నారు. అంటే ఏడాది ఆగాలి. తొందరపడి మాటిచ్చింది నేనే.

మంచి కబురు చెప్పే పని దొరికిందని పొద్దున మురిసిపోయినవాణ్ణి, ఇంకా ఆమెకు ఫోన్ చేయలేదు. మీరైతే ఏమని చెబుతారు?